నలభై రెండో రోజు మాట్లాడే మనిషి కావాలి

మన బెజవాడలో "కౌన్సెలింగ్" అనే మాట తెలియని ఇల్లు లేదు. కానీ దాని అర్థం అడిగితే మాత్రం తలా ఒకటి చెబుతారు. ఇంటరు పూర్తయిన పిల్లలున్న ఇంట్లో అడగండి, ఇంజనీరింగు సీట్ల పంపకం అంటారు. రోజూ పేపరు తిరగేసే పెద్దాయన్ని అడగండి, పోలీసులు రౌడీషీటర్లను స్టేషనుకి పిలిపించి, వరసగా నిలబెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి పంపడం అంటాడు. "మందు తాగి బండ్లు నడిపిన యువకులకు కౌన్సెలింగ్ ఇచ్చారు" అనే వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు? ఆ కౌన్సెలింగ్‌లో మాట్లాడేది ఒకరే. ఎదుటివాడి పని తల వంచుకోవడం.

ఈ మాటకి మూడో అర్థం ఒకటుంది. తాగుడుకో, గంజాయికో, పేకాటకో, సెల్‌ఫోనులో పందాలకో బానిసై, మానాలని ఉండీ మానలేక కొట్టుకుపోతున్న మనిషి ఎదురుగా కూర్చుని, అతను తనంతట తాను ఒడ్డు పట్టుకునేలా మాట్లాడటం. ఈ అర్థంలో ఆ మాట మన వాడుకలోకి ఇంకా రానేలేదు. మాట రాలేదంటే ఆ పని చేసే మనుషులు కూడా మన మధ్యకి రాలేదనే లెక్క. వాళ్ళని తయారు చేసుకోవలసిన అవసరం గురించీ, ఆ బాధ్యతలో మనలాంటి విద్యాసంస్థల వంతు గురించీ నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్కలు చూస్తే విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు దేశమంతటా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. తాగుడు జబ్బు స్థాయికి చేరినవారు నూటికి పదిమందికి పైగా ఉన్న అయిదు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అన్నిటికన్నా గుండెలు తరుక్కుపోయే అంకె వేరే ఉంది. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందికి ఒక్కరికి! ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినది 180 మందికి ఒక్కరు! మిగతా వాళ్ళంతా ఏమైనట్టు? ఇళ్ళల్లోనే ఉన్నారు. భార్యల చేతా, తల్లుల చేతా తిట్లు తింటూ, వాళ్ళని తిడుతూ, కొడుతూ, ఏడుస్తూ ఉన్నారు.

కొట్టు గురించే డెబ్బై అయిదేళ్ళు

మనవాళ్ళు తాగుడు గురించి ఆలోచించలేదని ఎవరూ అనలేరు. సహాయ నిరాకరణ రోజుల్లో కల్లుపాకల ముందు పికెటింగులు చేశారు. కాళ్ళకూరి నారాయణరావు గారు తాగుడు మీద "మధుసేవ" నాటకం రాశారు. 1948 అక్టోబరు 2 నుంచి మద్రాసు రాష్ట్రమంతటా, అందులో భాగంగా మన కృష్ణా జిల్లాలో కూడా, మద్యనిషేధం వచ్చింది. మన బ్యారేజికి పేరున్న ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదనే, అదీ ఒక్క ఓటు తేడాతో! 1960ల చివరికి నిషేధం ఎత్తేశారు. 1980లలో సారా ప్యాకెట్లలోకి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే కొట్లు నడిపింది. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు కొట్లు.

తెరిచాం, మూశాం, మళ్ళీ తెరిచాం. ఇంత చరిత్రలో చర్చంతా కొట్టు చుట్టూనే తిరిగింది. కొట్టు ఎవరిది, ఎన్ని గంటలకి తెరవాలి, ఖజానాకి ఎంత వస్తుంది అన్నవే ప్రశ్నలు. కొట్టు మూసిన సాయంత్రం చేతులు వణుకుతూ నులకమంచం మీద కూర్చున్న మనిషితో ఎవరు మాట్లాడాలి అన్న ప్రశ్న ఎవరి నోటా గట్టిగా వినపడలేదు. దూబగుంట ఆడవాళ్ళని తక్కువ చేయడం నా ఉద్దేశం ముమ్మాటికీ కాదు. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. అక్కడి నుంచి అందుకోవలసిన పని చదువుకున్న వాళ్ళది. ఆ పనిని మనం అందుకోలేదు.

మాల తీసిన మర్నాడు

మన ఊళ్ళో ఏటా కళ్ళ ముందు జరిగే ఒక సంగతి గమనించండి. భవానీ మాలలూ, అయ్యప్ప మాలలూ వేసుకునే రోజులు వస్తాయి. ఏడాది పొడుగునా మందు మానని మనిషి మాల వేసుకున్నాడంటే చుక్క ముట్టడు. తెల్లవారకుండానే చన్నీళ్ళ స్నానం చేస్తాడు. నేల మీద పడుకుంటాడు. నలభై ఒక్క రోజులు నిక్కచ్చిగా ఉంటాడు. దీక్ష విరమించి వచ్చిన వాళ్ళలో కొందరు ఇంటికి చేరకముందే కొట్టు దగ్గర కనపడతారు. జనం నవ్వుకుంటారు. "భక్తి అంతా మాల వరకే" అని ఎగతాళి చేస్తారు.

నవ్వడం సులువే. కానీ ఆ నలభై ఒక్క రోజులూ ఏం రుజువు చేస్తున్నాయో ఆలోచించామా? ఆ మనిషి మానగలడని రుజువు చేస్తున్నాయి. మానగలిగింది ఎందువల్ల? అప్పుడు అతనికి తోడున్నారు. పొద్దున్న నుంచి రాత్రి దాకా చేయవలసిన పని ఉంది. తాగే స్నేహితులు వాళ్ళంతట వాళ్ళే పక్కకి తప్పుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, నిన్నటిదాకా "ఏరా తాగుబోతూ" అన్న పేట అంతా అతన్ని "స్వామీ" అని పిలిచింది. ఇంట్లో ఇల్లాలు కూడా అలాగే పిలిచింది. నలభై రెండో రోజున ఇవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. మాలతో పాటు తోడూ పోయింది, పనీ పోయింది, మర్యాదా పోయింది. మిగిలింది పాత మనిషీ, పాత సందూ, పాత కొట్టూ.

చికిత్స లోకంలో కౌన్సెలర్ పని సరిగ్గా ఈ నలభై రెండో రోజు నుంచి మొదలవుతుంది. ఒంట్లోంచి మందు దిగిపోవడానికి డాక్టరుకి వారం పది రోజులు చాలు. మళ్ళీ ముట్టకుండా నిలబడటానికి నెలలూ, ఏళ్ళూ పడుతుంది. ఏ వేళప్పుడు మనసు లాగుతుంది, జీతం రోజు ఏ దారిన ఇంటికి రావాలి, పెళ్ళి విందులో బావమరిది గ్లాసు చేతికిస్తే ఏమని చెప్పాలి, ఒకవేళ తప్పితే ఆ ఒక్క రోజుతోనే ఆపి మర్నాడు ఎలా లేవాలి, ఇవన్నీ ఒక్కొక్కటే కూర్చుని మాట్లాడి తేల్చుకోవలసిన విషయాలు.

మాట్లాడటం కూడా పనితనమే

"మాట్లాడటానికి ట్రైనింగు ఎందుకండీ? మా అమ్మమ్మ ఏ చదువూ లేకుండానే ఊరందరికీ బుద్ధి చెప్పేది" అనేవాళ్ళున్నారు. బుద్ధి చెప్పడమే కావాలంటే మన దేశంలో కొరత ఏముంది? బుద్ధి చెప్పించుకోని తాగుబోతు ఎవడైనా ఉన్నాడా?

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి ఒకాయన ఉన్నాడనుకుందాం. భార్య పోరు పడలేక ఆస్పత్రికి వచ్చాడు. అక్కడ ఒక పద్ధతి ఇలా ఉంటుంది. "ఏమయ్యా, ఇద్దరు ఆడపిల్లలున్నారు, సిగ్గు లేదూ? ఇలాగే తాగితే రెండేళ్ళలో పోతావ్!" మేస్త్రి తల వంచుకుని "రేపట్నించి ముట్టుకోనండీ" అంటాడు. గేటు దాటగానే ఆ అవమానం దిగటానికే ఒక క్వార్టర్ కావలసి వస్తుంది.

రెండో పద్ధతి చూడండి.

"కూర్చోండి మేస్త్రి గారూ. మీ అంతట మీరే వచ్చారా?"

"లేదమ్మా, మా ఆవిడ లాక్కొచ్చింది."

"మరి మీకేమనిపిస్తోంది?"

"నేనంత తాగేవాణ్ణి కాదమ్మా. పనయ్యాక ఒళ్ళు నొప్పులకి కాస్త..."

"ఒళ్ళు నొప్పులకి పనికొస్తోందన్నమాట. ఇంకా?"

"నిద్ర పడుతుంది."

"సరే. దానివల్ల మీకేమన్నా ఇబ్బందిగా ఉందా?"

మేస్త్రి కాసేపు మాట్లాడడు. తర్వాత నెమ్మదిగా, "పొద్దున్నే చెయ్యి వణుకుతోందమ్మా. వెల్డింగు తిన్నగా పడటం లేదు. కుర్రాళ్ళు చూస్తున్నారు" అంటాడు.

ఆ చివరి మాట ఎవరూ చెప్పించింది కాదు. ఆయన నోటి నుంచే వచ్చింది. మానడానికి ఆయన సొంత కారణం బయటపడింది. ఆడపిల్లల పేరు చెప్పి సిగ్గుపెడితే రాని మాట, వెల్డింగు పేరుతో వచ్చింది. విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో రాసిన వ్యాసంలో ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపం ఇచ్చాడు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాని మీద పుస్తకం తెచ్చాడు. మనం వాదిస్తే ఎదుటివాడు తాగుడు పక్షాన వాదిస్తాడు, మనం వింటే అతనే మానడం పక్షాన వాదించడం మొదలుపెడతాడు. స్థూలంగా ఆయన చెప్పింది ఇదే. వినడానికి ఎంత తేలికో, చేయడానికి అంత కష్టం. నోటి చివరిదాకా వచ్చిన నీతివాక్యాన్ని మింగడం నేర్చుకోవాలి!

ఇంకో సంగతి. మేస్త్రి చెప్పిన "పొద్దున్నే వణుకు" అన్న ముక్క వినగానే శిక్షణ పొందిన మనిషి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది శరీరం మందుకి పూర్తిగా లోబడిందనడానికి గుర్తు. అలాంటి మనిషిని "ఈ క్షణం నుంచే మానెయ్" అంటే ప్రాణానికే ముప్పు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పి, లేనివి కనపడి, పలవరింతలు మొదలవచ్చు. సరైన వైద్యం అందకపోతే చనిపోయినా పోవచ్చు. అందుకే ముందు డాక్టరు దగ్గరికి పంపాలి, మందులూ, బి-1 విటమినూ అందాలి. మాటలతో పని ఆ తర్వాత. మాల వేసుకునే వాళ్ళలో కూడా రోజూ బాగా తాగేవాళ్ళు ముందుగా డాక్టరుని కలవడం మంచిదని చెప్పేవాళ్ళు మన పేటల్లో ఉండాలా వద్దా? మంచి మనసుతో చెప్పిన తెలియని సలహా మనిషిని చంపగలదు. "భర్తకు తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని గోడల మీద రాసే పొడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మందు పడితే వికటించే మాత్రని మనిషికి తెలియకుండా అన్నంలో కలపడం వైద్యం కాదు, ప్రమాదం.

శిక్షణ ఇంగ్లీషు పుస్తకాల నుంచి దింపేస్తే చాలదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో మూడో ప్రశ్న, "ఒకే విడత ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్నిసార్లు తాగుతారు?" అని. మన డెల్టాలో డ్రింకుల లెక్క ఎవడికి తెలుసు? మనవాళ్ళ కొలత క్వార్టర్. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో మామూలు విస్కీ ఉంటే అందులో అసలు ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. డ్రింకుకి 10 గ్రాముల చొప్పున ఒక్క క్వార్టరే ఆరు డ్రింకులు! "ఎంతండీ, ఒక్క క్వార్టరే కదా" అనే మనిషి రోజూ ఆ మూడో ప్రశ్నకి నిండుగా జవాబు చెబుతున్నాడన్నమాట. ఈ లెక్క తెలిసిన తెలుగు కౌన్సెలర్ కావాలి. కల్లు, కట్టింగు, బెల్టు షాపు, బాకీ ఖాతా, ఈ మాటలన్నీ తెలిసినవాళ్ళు కావాలి.

వాసన రాని మత్తు

మన పెద్దలు సప్తవ్యసనాల్లో జూదాన్నీ, పానాన్నీ పక్కపక్కనే పెట్టారు. ఆధునిక వైద్యం అక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. అమెరికా మానసిక వైద్యులు 2013లో జూదపు జబ్బును మద్యం, మత్తుమందుల వరసలో చేర్చారు. 2019లో ఆమోదించి 2022 నుంచి అమలు చేస్తున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో జూదంతో పాటు వీడియో ఆటల వ్యసనం కూడా చేరింది. ధర్మరాజు కథ తెలిసిన మనకి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఓడిన ప్రతిసారీ "ఈ ఒక్క పందెంతో పోయిందంతా రాబడతాను" అనుకోవడమే ఆ జబ్బు లక్షణం.

డెల్టాలో పేకాట, సంక్రాంతి కోడిపందాలు, క్రికెట్ బెట్టింగులు కొత్త కాదు. రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అని సుప్రీంకోర్టు 1968 నాటి మన రాష్ట్రం కేసులోనే తేల్చింది. ఆ పేకముక్క క్లబ్బులోంచి సెల్‌ఫోనులోకి వచ్చాక కథ మారింది. క్లబ్బుకి తాళం వేసే వేళ ఉండేది. ఫోనుకి లేదు. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ కొట్టు విషయంలో నేర్చుకున్న పాఠం ఇక్కడ మరిచిపోకూడదు. ఆటని నిషేధించవచ్చు, ఆడాలనే లాగుడిని గెజెట్‌లో నిషేధించలేం.

తాగినవాడిని వాసన పట్టిస్తుంది. జూదగాడికి వాసన లేదు. ఫీజు డబ్బు మాయమై, స్నేహితుల దగ్గర అప్పులై, లోన్ యాప్ వాళ్ళు అమ్మానాన్నలకి ఫోను చేసే దాకా ఇంట్లో తెలియదు. అప్పుడు కౌన్సెలర్ అడగవలసిన మొదటి ప్రశ్న ఆట గురించి కాదు, అప్పు గురించి. మొత్తం ఎంత, ఎవరెవరికి, ఎవరు బెదిరిస్తున్నారు అని కాగితం మీద రాయించాలి. కొన్నాళ్ళు డబ్బు వ్యవహారం ఇంట్లో ఇంకొకరి చేతిలో పెట్టించాలి. అన్నిటికన్నా ముందు, చచ్చిపోవాలనే ఆలోచన ఉందేమో సూటిగా, భయపడకుండా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. ఇది కూడా నేర్చుకుంటేనే వచ్చే విద్య.

రెండు రోజుల వర్క్‌షాపు చాలదు

ఇక శిక్షణ ఎలా ఉండాలి? మనకి బాగా అలవాటైన పద్ధతి ఒకటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథులకి శాలువాలు, రెండు రోజుల ఉపన్యాసాలు, భోజనాలు, గ్రూపు ఫోటో, సర్టిఫికెట్. దీనివల్ల ఏమవుతుందో ఇందాక చెప్పిన మిల్లరే పరీక్షించి చూశాడు. ఆయన బృందం 140 మంది చికిత్సకులతో చేసిన పరిశీలన 2004లో వెలువడింది. కేవలం వర్క్‌షాపుకి వచ్చి వెళ్ళినవాళ్ళు సంపాదించిన నేర్పు నిలబడలేదు. ఆ తర్వాత వాళ్ళ సంభాషణల టేపులు విని, ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది అని చెప్పి, చెయ్యిపట్టి నడిపించిన వాళ్ళలో మాత్రమే అది నిలబడింది. మృదంగం నేర్చుకునేవాడు రెండు రోజుల ఉపన్యాసం విని కచేరీ చేస్తాడా? ఇదీ అంతే.

అలాగని దీనికి పెద్ద పెద్ద డిగ్రీలే ఉండాలని కాదు. గోవాలో సంగాత్ అనే సంస్థ చేసిన పని మనందరం తెలుసుకోదగింది. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులనే ఎంచుకుని, మొదట పాఠం చెప్పి, ఆ తర్వాత పర్యవేక్షణలో పని చేయించి కౌన్సెలర్లుగా తీర్చిదిద్దారు. వాళ్ళ సంభాషణల రికార్డులని అందరూ కలిసి విని, ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చిన వాళ్ళలో హానికరంగా తాగుతున్న 377 మంది మగవాళ్ళలో సగం మందికి మామూలు సలహాతో పాటు ఈ కౌన్సెలర్లతో గరిష్ఠంగా నాలుగు విడతలు మాట్లాడే అవకాశం కల్పించారు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు సలహా పొందిన వాళ్ళలో నూటికి 26 మంది బాగుపడితే, కౌన్సెలర్ మాట్లాడిన వాళ్ళలో 36 మంది బాగుపడ్డారు. "లాన్సెట్" పత్రికలో ఇది అచ్చయింది. పూర్తిగా బానిసలైన వాళ్ళకి ఇంతకన్నా ఎక్కువ వైద్యం కావాలి, నిజమే. కానీ ఆ దశకి చేరకముందే ఆపగల పని పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో కూడా సాధ్యమేనని ఋజువైంది కదా!

పక్కనే మద్రాసులో శాంతి రంగనాథన్ గారు, తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న తర్వాత, 1980లో చికిత్సా సంస్థ స్థాపించారు. దేశంలో ఎందరో కౌన్సెలర్లు అక్కడ తర్ఫీదు పొందారు. బెంగుళూరు నిమ్హాన్స్ ఉంది. 2014 నుంచి అక్కడ సెల్‌ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాలకి ప్రత్యేక క్లినిక్ కూడా నడుస్తోంది. ఎంతకాలమని మనం పినాకిని ఎక్కి మద్రాసు పోదాం? మన భాషలో, మన ఊళ్ళో నేర్పే చోటు ఉండవద్దా?

మనం అడగవలసింది

డబ్బు లేదు, పోస్టులు లేవు అనే జవాబు వస్తుందని తెలుసు. దానికి సమాధానం మన కళ్ళ ముందే ఉంది. ఎయిడ్స్ వచ్చినప్పుడు మన రాష్ట్రం తల్లడిల్లింది. అప్పుడు రక్తపరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగాన్ని సృష్టించారు. పరీక్షకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రహస్యంగా, మర్యాదగా మాట్లాడే మనిషిని కూర్చోబెట్టారు. తలుచుకుంటే చేయగలరని అర్థమైంది. ఇప్పుడు చట్టం కూడా తోడుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు జబ్బు కిందికే వస్తాయి. రోగిని గొలుసులతో కట్టడం నేరం. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో కౌన్సెలర్ల వృత్తికి కూడా చోటు దొరికింది. ఇక మిగిలింది తయారు చేసే చోటు.

కాబట్టి మొదటిది, మన విశ్వవిద్యాలయంలో ఏడాది డిప్లొమా తెలుగులో పెట్టాలి. సగం కాలం తరగతి గదిలో, సగం కాలం ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో, పెద్దల పర్యవేక్షణలో గడవాలి. సిద్ధార్థ మెడికల్ కాలేజీ, ఆరోగ్య విశ్వవిద్యాలయం రెండూ ఊళ్ళోనే ఉండగా ఇది అసాధ్యం ఎందుకవుతుంది?

రెండవది, ప్రవేశానికి మార్కుల జాబితా ఒక్కటే కొలబద్ద కాకూడదు. తాగుడు మాని కొన్నేళ్ళుగా నిలబడినవాళ్ళకీ, అలాంటి ఇంట్లో నలిగిన ఆడవాళ్ళకీ కొన్ని సీట్లు ఉంచాలి. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారీ, ఒక సర్జనూ, ఇద్దరు తాగుబోతులు, ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈనాడు ప్రపంచమంతా ఉంది. అనుభవం పెద్ద అర్హత. దానికి శిక్షణ తోడైతే బలం, తోడు కాకపోతే ఒక్కోసారి ప్రమాదం.

మూడవది, ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒక కౌన్సెలర్ పోస్టు కావాలి. గుడివాడ, నూజివీడు, అవనిగడ్డ, కైకలూరు మనుషులు బెజవాడ దాకా రానక్కర్లేకుండా ఉండాలి. జీతం ఎక్కడి నుంచి అంటారా? మద్యం మీద వచ్చే ఆదాయంలోంచి! జబ్బు అమ్మి సంపాదించిన రూపాయిలో కనీసం ఒక పైసా వైద్యానికి పోవడం న్యాయం.

నాలుగవది, రహస్యం. మన పేటల్లో అందరికీ అందరూ చుట్టాలే. కౌన్సెలర్ నోరు జారితే ఒక ఆడపిల్ల సంబంధం చెడుతుంది. ఈ రోజు విన్నది ఈ గదిలోనే ఉండిపోవాలి అన్న నియమాన్ని మొదటి పాఠంగా నేర్పాలి. "ఫలానా కులం వాళ్ళంతే", "కూలివాళ్ళంతే", "ఆడదై ఉండి తాగడమా" అనే మాటలు మనసులోంచి కడిగేసుకోవడం రెండో పాఠం.

సోదర విద్యార్థులారా! ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మన హాస్టళ్ళలో ఫ్రెషర్స్ పార్టీ పేరుతో మొదటి గ్లాసు చేతికిచ్చేది ఎవరు? మనమే. మ్యాచ్ రోజుల్లో పందెం కాయని వాణ్ణి పిరికివాడని ఎగతాళి చేసేది ఎవరు? మనమే. గంజాయి కేసులో ఎవడైనా పట్టుబడితే మర్నాటి నుంచి పలకరించడం మానేసేదీ మనమే. యూనియన్ తరఫున ఒక గది, వారానికి రెండు సాయంత్రాలు, మానసిక వైద్య విభాగం వారి పర్యవేక్షణలో తర్ఫీదు పొందిన పదిమంది విద్యార్థులు, ఇంత ఉంటే మొదలుపెట్టవచ్చు. వైద్యం చేయడానికి కాదు. తోటివాడు చెప్పేది వినడానికి, అవసరమైతే సరైన చోటికి వెంట తీసుకువెళ్ళడానికి. వ్యసనాల సహాయానికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416 అనే ఉచిత ఫోను నంబర్లు ఉన్నాయి. అవి ప్రతి హాస్టలు నోటీసు బోర్డు మీదా ఉండాలి.

యూనియన్ ఎన్నికల్లో మనం క్యాంటీను ధరల గురించీ, బస్సు పాసుల గురించీ హామీలు అడుగుతాం. వచ్చే ఏడాది నిలబడే అభ్యర్థులని ఈ ఒక్కటి కూడా అడుగుదాం. డిప్లొమా కోసం వైస్ ఛాన్సలర్ గారికి ఇవ్వవలసిన వినతిపత్రం మీద మొదటి సంతకం మీరు పెడతారా అని. నలభై ఒక్క రోజులు మానగలిగిన మనుషులు మన జిల్లాలో వేలమంది ఉన్నారు. వాళ్ళలో లోపం లేదు. నలభై రెండో రోజు తలుపు తట్టి, "మేస్త్రి గారూ, ఎలా ఉన్నారు?" అని మర్యాదగా అడిగే మనిషే లేడు. ఆ మనిషిని తయారు చేయడం మన చేతుల్లో ఉంది.